"గాయం బాగుంది" అని రాస్తే డాక్టర్ కోప్పడ్డారట, ఏ కోర్సు చెయ్యాలి?

ప్రశ్న: సార్, నర్సింగ్ అయ్యి రెండేళ్లయింది, సర్జికల్ వార్డులో చేస్తున్నా. నోట్స్‌లో "గాయం బాగుంది, డ్రెస్సింగ్ మార్చాను" అని రాశానని రౌండ్స్‌లో డాక్టర్ గారు అందరి ముందూ అరిచారు. నాకు వూండ్ కేర్ వైపు వెళ్లాలనుంది, ఏ సర్టిఫికెట్ కోర్సు మంచిది?

జవాబు: అమ్మా, అందరి ముందు అరవడం తప్పే, కానీ ఆయన అడిగినదాంట్లో తప్పు లేదు. బాగుంది అంటే ఎంత బాగుంది, నిన్నటి కంటేనా, పోయిన వారం కంటేనా? కోర్సు సంగతి తర్వాత. ముందు మీరు రాసింది చదివితే నైట్ డ్యూటీ సిస్టర్‌కి కట్టు విప్పకుండానే ఆ పుండు కళ్లకి కనపడాలి, అక్కడిదాకా రండి.

పొడవు తల నుంచి కాళ్ల వైపుకి, వెడల్పు దానికి అడ్డంగా, లోతు స్టెరైల్ స్వాబ్‌తో, ప్రతిసారీ ఇలాగే, ఎందుకంటే ఒకరు నిలువుగా ఇంకొకరు ఏటవాలుగా కొలిస్తే పుండు మానుతోందో పెరుగుతోందో దేవుడికి కూడా తెలీదు. అంచు కింద గుల్లగా ఉంటే గడియారం లెక్క వాడండి, తల వైపు 12, "2 నుంచి 5 మధ్య గుల్ల, 2 సెంటీమీటర్లు" అంటే చాలు. తర్వాత అడుగుభాగం, తడిగా ఎర్రగా గరుకుగా ఉంటే గ్రాన్యులేషన్ అంటే కొత్తగా పెరుగుతున్న కండ, పసుపుగా అంటుకుని ఉంటే స్లఫ్ అంటే చచ్చిన మెత్తటి కణజాలం, నల్లగా అట్టకట్టి ఉంటే ఎస్కార్ అంటే చచ్చిన కణజాలం పెచ్చు, ఏది ఎంత శాతమో రాయండి. టిష్యూ, ఇన్ఫెక్షన్, తడి, అంచు, ఈ నాలుగూ వరసగా చూడమనే టైమ్ (TIME, ఈ నాలుగింటి ఇంగ్లీషు పేర్ల మొదటి అక్షరాలు) అనే పద్ధతి 2003 నుంచి ఉంది, కొత్తవాళ్లకి అదే మంచి ఆధారం.

ఇక ఎక్కువ మంది తప్పు చేసే చోట్లు చెప్తా, సీనియర్లు కూడా చేస్తారు. స్లఫ్‌ని చూసి చీము అనుకుని వెంటనే కల్చర్‌కి, అంటే ఏ క్రిమి ఉందో చూసే పరీక్షకి పంపడం, అదీ కడక్కుండా పైన ఉన్న జిగురు తీసి. ముందు సెలైన్‌తో కడిగి, శుభ్రంగా ఉన్న కణజాలం మీద స్వాబ్ నొక్కి తిప్పాలి. మడమ మీద పొడిగా, కదలకుండా, చుట్టూ ఎరుపూ వాపూ లేకుండా ఉన్న నల్ల పెచ్చుని మెత్తబెట్టి తీసెయ్యాలని చూడటం ఇంకోటి, దాన్ని కదపకూడదు. నాలుగో స్టేజ్ బెడ్ సోర్ (అన్నిటికంటే లోతైనది) మానుతుంటే మూడో స్టేజ్ అయిందని రాస్తారు, అలా వెనక్కి లెక్కపెట్టరు, మానుతున్న నాలుగో స్టేజ్ అనే రాయాలి. చామనఛాయ, నలుపు ఒంటి మీద మొదటి స్టేజ్ బెడ్ సోర్ ఎరుపు సరిగా కనపడదు, చెయ్యి పెట్టి పక్క చర్మంతో పోల్చండి, వేడిగా ఉందా చల్లగా ఉందా, గట్టిగా ఉందా మెత్తగా ఉందా, నొప్పి అంటున్నారా అని. పుస్తకాల్లో ఫొటోలు ఎక్కువ తెల్ల చర్మానివే కాబట్టి ఇది మనకెవరూ సరిగా నేర్పలేదు, నాకైతే చాలా ఆలస్యంగా తెలిసింది.

కాలి పుండుకి టైట్ కంప్రెషన్ కట్టేముందు రక్తప్రసరణ చూశారా అని అడగండి, ఏబీపీఐ (చీలమండ బీపీని చేతి బీపీతో భాగిస్తే వచ్చే అంకె) 0.8 కంటే తక్కువుంటే అలా కట్టకూడదు, షుగర్ వాళ్లకి ఆ అంకె ఉత్తినే ఎక్కువ చూపించొచ్చు కూడా.

ప్రాక్టీస్ ఎలా అంటే, ఒక సీనియర్ సిస్టర్‌ని బతిమాలి ఒకే పుండుని ఇద్దరూ విడివిడిగా చూసి రాసుకుని తర్వాత పోల్చుకోండి. మొదట్లో అసలు కలవదు, సిగ్గుపడొద్దు. ఒకే పేషెంట్‌ని 4 వారాలు వదలకుండా ఫాలో అవ్వండి, ఎందుకంటే షుగర్ పాదం పుండు 4 వారాల్లో సగానికైనా తగ్గకపోతే ట్రీట్‌మెంట్ మళ్లీ ఆలోచించాలంటారు, ఆ మాట రౌండ్స్‌లో ధైర్యంగా అనాలంటే మీ దగ్గర మొదటి రోజు కొలత ఉండాలి కదా.

కోర్సు వెతికేటప్పుడు పేరు కాదు, పేషెంట్ల దగ్గర నిలబెట్టి నేర్పే గంటలు ఎన్ని ఉన్నాయో అడగండి. వీడియోలు మాత్రమే ఉంటే థియరీకి సరే, చేతికి రాదు. స్టోమా కేర్ (ఆపరేషన్‌తో పొట్ట మీద పెట్టిన మలమూత్ర ద్వారం సంరక్షణ) కూడా కలిపి నేర్పితే ఇంకా మంచిది, ఉద్యోగాల్లో ఆ రెండూ కలిపే అడుగుతుంటారు. మూడు నెలలు ఇలా రాసిన నోట్‌బుక్ పట్టుకుని రండి, పేషెంట్ల పేర్లు లేకుండా, అప్పుడు మీకు ఏ కోర్సు సరిపోతుందో కూర్చుని చూద్దాం.