సూటు సంగతి తర్వాత, ముందు గుండె పరీక్ష

ప్రశ్న: నా వయసు 46. కొండాపూర్‌లో ఉంటాను, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. అండమాన్‌లో స్కూబా డైవింగ్ నేర్చుకున్నాను. వచ్చే నెల కంపెనీ పని మీద కాలిఫోర్నియా వెళ్తున్నాను. మాంటెరే దగ్గర పాయింట్ లోబోస్‌లో రాతి దిబ్బల మధ్య డైవింగ్ చేయాలని ఆదివారానికి పేరు నమోదు చేసుకున్నాను. ఆ రాత్రే తిరుగు విమానం. అక్కడ నీళ్లు చాలా చల్లగా ఉంటాయట, ఎన్ని మిల్లీమీటర్ల సూటు వేసుకోవాలి? నాకు సైనస్ ఉంది, ముక్కులో చుక్కలు వేసుకుని దిగవచ్చా? జనవరిలో తెల్లవారుజామున ఈత కొలనులో సాధన చేస్తుంటే నీళ్లు పొలమారి దగ్గు, ఆయాసం వచ్చాయి. కఫం కాస్త గులాబీ రంగులో పడింది. మందుల షాపులో సిరప్పు, యాంటీబయాటిక్ తెచ్చుకుని వాడితే రెండు రోజుల్లో తగ్గింది. బీపీకి మెటోప్రొలాల్, ఆమ్లోడిపిన్ వేసుకుంటున్నాను, అదుపులోనే ఉంది. డాక్టరు రాసిన మందుల చీటీ ఫొటో పంపుతున్నాను. ఫిట్‌నెస్ సర్టిఫికెట్ మీరు ఇవ్వగలరా?
– ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: సర్టిఫికెట్ ఇవ్వలేను. మనిషిని చూడకుండా, ఛాతీ మీద స్టెతస్కోపు పెట్టకుండా ఇచ్చే సర్టిఫికెట్‌కు విలువ లేదు. ఎవరైనా ఇస్తామన్నా తీసుకోకండి.

మీరు సూటు గురించి అడిగారు కానీ, నాకు ఆందోళన కలిగించింది జనవరిలో జరిగిన సంగతి. దాన్ని మీరు రెండు మూడు మాటల్లో దాటేశారు. నీళ్లు పొలమారితే ఉక్కిరిబిక్కిరి అవుతాం, దగ్గుతాం, కాసేపటికి సర్దుకుంటుంది. చల్లటి నీళ్లలో ఈదుతుండగా ఆయాసం వచ్చి, గులాబీ రంగు కఫం పడి, రెండు రోజులకు గానీ తగ్గలేదంటే దాన్ని పొలమారడం కింద కొట్టిపారేయలేం. ఊపిరితిత్తుల్లో నీరు చేరి ఉండవచ్చు. అది కొలను నీరు కాదు, రక్తనాళాల్లోంచి ఊరిన మీ ఒంటి నీరే. వైద్యులు దీన్ని ఇమ్మర్షన్ పల్మనరీ ఎడీమా అంటారు. అప్పుడు ఛాతీ ఎక్స్‌రే తీయించుకోలేదు కాబట్టి అదేనని ఇప్పుడు ఎవరూ తేల్చి చెప్పలేరు. కాదని తేలేవరకు మాత్రం అదే అనుకుని జాగ్రత్తపడాలి.

మెడ వరకు నీళ్లలో మునిగినప్పుడు కాళ్లూ చేతుల్లోని రక్తం ఛాతీ వైపు తరలుతుంది. అది 700 మిల్లీలీటర్ల వరకు ఉండవచ్చు. నీళ్లు చల్లగా ఉంటే చర్మంలోని రక్తనాళాలు కూడా బిగుసుకుంటాయి. సంపులో నీళ్లు నిండుగా ఉండి, పైకి వెళ్లే పైపు వాల్వు సగం మూస్తే మోటారు ఎలా మూలుగుతుందో మీ అపార్ట్‌మెంట్ వాచ్‌మన్‌ను అడగండి. బీపీతో అప్పటికే ఎడమ జఠరిక (ఒంటికి రక్తాన్ని పంపే గది) గోడ మందమైన గుండె పరిస్థితి కూడా అంతే. ఆ ఒత్తిడి వెనక్కి తన్ని ఊపిరితిత్తుల్లో నీరు ఊరుతుంది. బ్రిటన్‌కు చెందిన హృద్రోగ నిపుణుడు పీటర్ విల్మ్స్‌హర్స్ట్ బృందం 1989లోనే లాన్సెట్ వైద్య పత్రికలో దీని గురించి రాసింది. వారు పరిశీలించిన డైవర్లు, ఈతగాళ్లలో పలువురికి తర్వాతి కాలంలో బీపీ బయటపడింది. మీకు ఆ బీపీ ముందే ఉంది. మెటోప్రొలాల్ లాంటి బీటా బ్లాకర్లు (గుండె వేగాన్ని, బీపీని తగ్గించే మందులు) వాడేవారిలో ఈ ముప్పు పెరగవచ్చన్న అనుమానమూ ఉంది. ఇది చదివి మాత్ర మానేయకండి. బీటా బ్లాకర్‌ను హఠాత్తుగా ఆపితే గుండెకు అంతకంటే పెద్ద ప్రమాదం. మార్చాలా వద్దా అన్నది మిమ్మల్ని చూసే డాక్టరే నిర్ణయించాలి.

ఇక ఆ సిరప్పు, యాంటీబయాటిక్ సంగతి. ఈ రకం ఎడీమా నీళ్లలోంచి బయటికి వచ్చాక చాలామందిలో ఒకటి రెండు రోజుల్లో దానంతట అదే తగ్గుతుంది. మందు వాడారు, తగ్గింది, కాబట్టి మందే తగ్గించిందని మీరు నమ్మారు. నాకు దిగులంతా ఇక్కడే. మందుల షాపు కౌంటర్ దగ్గర రెండు నిమిషాల్లో పని అయిపోయింది, ఒక ఎక్స్‌రే, ఒక ఈసీజీ తీయించుకోవాల్సిన సమయం చేజారింది. దగ్గులో రక్తపు ఛాయ కనిపిస్తే, కారణం ఏదైనా సరే, అది షాపులో చెప్పి మందు తెచ్చుకునే వ్యవహారం కాదు. నాలుగు నెలలు వేచిచూసే వ్యవహారం అసలే కాదు.

మీరు పంపిన చీటీ మడతల దగ్గర చిరిగి, వెనక టేపు అంటించి ఉంది. తేదీ చూస్తే మూడేళ్ల కిందటిది. అదే మోతాదును అప్పటి నుంచి వాడుతూ ‘అదుపులోనే ఉంది’ అంటున్నారు. ఎప్పుడు కొలిచారు, ఎంత ఉందన్నది రాయలేదు. చదువుకున్నవారే ఇలా చేస్తే ఏం చెప్పాలి? ఫోను రీఛార్జి తేదీ మరిచిపోరు కదా.

ముక్కు చుక్కల విషయంలోనూ ఇదే అలవాటు కనిపిస్తోంది. జైలోమెటాజోలిన్, ఆక్సీమెటాజోలిన్ చుక్కలు వారం దాటి వాడితే ముక్కు ఇంకా గట్టిగా బిగుస్తుంది, అప్పుడు చుక్కలు లేనిదే ఊపిరి ఆడదు. మీ సైనస్‌లో సగం దీని పుణ్యమే కావచ్చు, ఈఎన్‌టీ డాక్టరుకు చూపించండి. డైవింగ్‌లో ప్రమాదం మరొకటి. పది మీటర్ల లోతులో ఒత్తిడి ఉపరితలంతో పోలిస్తే రెట్టింపు. ముక్కు తెరుచుకుందని కిందికి దిగుతారు. అక్కడ మందు ప్రభావం తగ్గి దారి మూసుకుంటే, పైకి వస్తున్నప్పుడు చెవిలో, సైనస్‌లో చిక్కిన గాలి వ్యాకోచించి బయటికి పోలేక నరకం చూపిస్తుంది. కర్ణభేరి చిరిగి చల్లటి నీళ్లు లోపలి చెవి వైపు చేరితే కళ్లు తిరిగి, పైకి ఏదో కిందికి ఏదో తెలియదు. జలుబు మాత్రల్లో ఉండే ఫినైలెఫ్రిన్, సూడోఎఫెడ్రిన్ బీపీని కూడా పెంచుతాయి. కాబట్టి ముక్కు బిగుసుకున్న రోజు మందు వేసుకుని దిగడం కాదు, దిగకుండా ఉండటమే సరైన పని.

ఈ వారంలోనే ఫిజీషియన్‌ను గానీ కార్డియాలజిస్టును గానీ కలవండి. జనవరిలో జరిగింది పూస గుచ్చినట్టు చెప్పండి. ఈసీజీ, టూడీ ఎకో (గుండె స్కానింగ్), 24 గంటల బీపీ రికార్డింగ్, మూత్రపిండాల పరీక్షలు అవసరం అవుతాయనుకుంటున్నాను. ట్రెడ్‌మిల్ పరీక్ష సంగతి వారే చెబుతారు. డైవింగ్ సంస్థలు ఇచ్చే ఆరోగ్య ప్రశ్నావళిలో 45 దాటినవారికి బీపీ, కొలెస్ట్రాల్, కుటుంబంలో గుండె జబ్బుల గురించి విడిగా ప్రశ్నలు ఉంటాయి. అన్నిటికీ ‘లేదు’ అని గీత పెట్టేస్తే పడవ ఎక్కనిస్తారు, నిజమే. కానీ నీళ్ల కింద ఆయాసం వచ్చినప్పుడు ఆ కాగితం పక్కన ఉండదు. జనవరిలో వచ్చింది ఎడీమాయే అని డాక్టరు భావిస్తే, అది మళ్లీ వచ్చే అవకాశం ఎక్కువ కాబట్టి డైవింగ్ మానేయమనే చెప్పవచ్చు. అందుకు మనసు సిద్ధం చేసుకోండి. పరీక్షలు పూర్తయ్యేవరకు తెల్లవారుజాము ఈత కూడా వద్దు. నీళ్లలో ఎప్పుడైనా ఆయాసం మొదలైతే వెంటనే బయటికి వచ్చి నిటారుగా కూర్చోవాలి, పడుకోకూడదు. ఆక్సిజన్ అందే ఆసుపత్రికి వెళ్లాలి.

డాక్టరు సరేనంటేనే మిగతా మాటలు. మాంటెరే తీరంలో గాలులకు అడుగునుంచి చల్లటి నీరు పైకి వస్తుంది, ఉష్ణోగ్రత సాధారణంగా 10 నుంచి 14 డిగ్రీల మధ్య ఉంటుంది. అండమాన్‌లో వేసుకున్న 3 మిల్లీమీటర్ల సూటు అక్కడ పనికిరాదు. 7 మిల్లీమీటర్ల సూటు, తలకు హుడ్, చేతులకు గ్లవ్స్, కాళ్లకు బూట్లు కావాలి, లేదా లోపలికి నీరు రానివ్వని డ్రై సూటు. మందపాటి సూటు నీటిలో తేలిపోతుంది కాబట్టి నడుముకు సీసం బరువులు ఎక్కువ కట్టుకోవాలి. అంత బరువుతో, వీపున సిలిండర్‌తో నీళ్లలోకి దిగి రావడమే గుండెకు ఒక పరీక్ష. ఛాతీ దగ్గర మరీ బిగుతుగా ఉన్న సూటు వద్దు. విమానానికి ముందు ఒకే డైవ్ అయితే కనీసం 12 గంటలు, ఒకటికి మించితే కనీసం 18 గంటలు విరామం ఉండాలన్నది డైవర్ల భద్రత చూసే సంస్థ డైవర్స్ అలర్ట్ నెట్‌వర్క్ సూచన. మీ ఆదివారం రాత్రి టికెట్ ఈ లెక్కకు సరిపోదు. ఎకో రిపోర్టు ఎలా వచ్చినా ఆ టికెట్‌నో, డైవింగ్ రోజునో మార్చుకోక తప్పదు.