ఆదివారం దాకా ట్విస్టులు తెలియకుండా ఉండాలంటే గురువారమే తలుపులు వేసుకోండి

ప్రశ్న: పెద్ద సినిమా శుక్రవారం రిలీజ్. నాకు ఆదివారానికే టికెట్ దొరికింది. ఈలోపు కథ తెలియకుండా ఎలా?

చాలామంది శుక్రవారం పొద్దున జాగ్రత్తపడతారు. అప్పటికే ఆలస్యం. అమెరికాలో ప్రీమియర్లు గురువారమే పడతాయి. న్యూయార్క్‌లో సాయంత్రం 6 గంటల షో అంటే మనకు తెల్లవారుజామున 3:30. సంక్రాంతి సినిమాలకైతే 4:30, అక్కడ చలికాలంలో గడియారం గంట వెనక్కి జరుపుతారు కాబట్టి. ఇంకో గంటన్నరకి ‘ఫస్టాఫ్ రిపోర్ట్’ దిగిపోతుంది. కొన్నింటికి ఇక్కడే ముందురోజు రాత్రి పెయిడ్ ప్రీమియర్లు వేస్తున్నారు. అందుకే కింద చెప్పేవన్నీ గురువారం మధ్యాహ్నానికే ముగించండి.

ఎక్స్‌లో (పాత ట్విట్టర్) సెట్టింగ్స్, ప్రైవసీ అండ్ సేఫ్టీ, మ్యూట్ అండ్ బ్లాక్, మ్యూటెడ్ వర్డ్స్‌లోకి వెళ్లండి. సినిమా పేరు, దాని పొట్టిపేరు, పాత్రల పేర్లు చేర్చండి. ఇంగ్లిష్‌లో ఒకే పేరుని జనం మూడు రకాలుగా రాస్తారు, మూడూ వేయండి. తెలుగు లిపిలో విడిగా వేయాలి. పేరుకి ‘లో’, ‘కి’, ‘ని’ అతుక్కుంటాయి కదా, ఆ రూపాలూ వేస్తే మేలు. గడువు 7 రోజులు పెడితే తర్వాత దానంతటదే తొలగిపోతుంది. ఒకటి గుర్తుంచుకోండి, ఈ మ్యూట్ సెర్చ్‌లో పనిచేయదు. ఆ ట్యాబ్ ముట్టుకోవద్దు.

మాటల్ని ఆపడం తేలికే, బొమ్మల్ని ఆపడమే కష్టం. గెస్ట్ రోల్ ఎంట్రీని ఎవరో ఫోన్‌లో తీసి వాట్సాప్ స్టేటస్‌లో పెడితే ఏ ఫిల్టరూ పట్టుకోలేదు. నా లెక్కలో సగం సినిమాలు పాడయ్యేది ఇక్కడే. సినిమా పిచ్చి ఉన్నవాళ్ల స్టేటస్‌ని నొక్కిపట్టి మ్యూట్ చేయండి. స్టోరేజ్ అండ్ డేటాలో మీడియా ఆటో డౌన్‌లోడ్‌లో మొబైల్ డేటాకీ, వైఫైకీ అన్ని టిక్కులూ తీసేయండి. అప్పుడు గ్రూపులో పడ్డ ఫొటో మీరు నొక్కేదాకా మసగ్గానే ఉంటుంది.

యూట్యూబ్ థంబ్‌నెయిళ్లు మరీ ఘోరం, క్లైమాక్స్ మీదే బాణం గుర్తు వేస్తారు. వాచ్ హిస్టరీ ఆపి, పాతది కూడా క్లియర్ చేస్తే హోమ్ పేజీలో సిఫారసులు ఆగిపోతాయి. ఊరికే ఆపితే చాలదు, పాత హిస్టరీ ఆధారంగా చూపిస్తూనే ఉంటుంది. క్లియర్ చేసింది తిరిగి రాదు, అది ఇష్టం లేకపోతే నాలుగు రోజులు యాప్ తెరవకండి. గూగుల్ యాప్ ఫీడ్, వార్తల యాప్‌ల నోటిఫికేషన్లు కూడా ఆపండి. హెడ్‌లైన్‌లోనే కథ చెప్పేస్తున్నారు.

రివ్యూ చదవకుండా ఉండలేకపోతే, మన సైట్లలో ‘కథ’ భాగం సాధారణంగా ఇంటర్వెల్ లోపే ఆగి ‘ఇవన్నీ తెరపై చూడాల్సిందే’ అంటుంది. దానితో పెద్ద ప్రమాదం లేదు. నటీనటుల గురించి రాసిన పేరా, మైనస్ పాయింట్లు ప్రమాదకరం. ‘ద్వితీయార్ధంలో ఫలానా పాత్రని హఠాత్తుగా ముగించడం’ అని అక్కడే రాస్తారు. వికీపీడియాలో కథ పూర్తిగా ఉంటుంది, తారాగణం పట్టికలో గెస్ట్ రోల్ పేరూ ఉంటుంది.

చూసొచ్చినవాళ్లని ‘ఎలా ఉంది?’ అని అడక్కండి. ‘వెళ్లొచ్చా, వద్దా? ఒక్క ముక్కలో చెప్పు’ అనండి. ‘క్లైమాక్స్ అస్సలు ఊహించలేవురా’ అన్నా నష్టమే, హాల్లో కూర్చున్నంతసేపూ ఆ మలుపు కోసమే వెతుక్కుంటారు.

థియేటర్ దగ్గర చివరి గండం. ముందు షో జనం మీరు వెళ్లే దారిలోనే బయటికి వస్తుంటే, వాళ్లు మెట్లు దిగిపోయేదాకా ఇయర్‌ఫోన్స్‌లో పాటలు పెట్టుకోండి. ఆ సినిమా పాటలు మాత్రం వద్దు, సెకండాఫ్ పాట సాహిత్యంలో సగం కథ ఉంటుంది.