ఫీజు కట్టేముందు అమ్మాయిని అడిగారా?

ప్రశ్న: మా అమ్మాయి ఈసీఈ మూడో సంవత్సరం. సెల్ టవర్ల వల్ల జీపీఎస్ రిసీవర్లు దెబ్బతినకుండా చూడడంపై ప్రాజెక్టు తీసుకుంది. క్లాసులో అందరూ డేటా సైన్స్ వైపు వెళ్తున్నారు. మేమూ 90 వేలు కట్టి ఆ కోర్సులో చేర్పించాం, తను వెళ్లనంటోంది. రెండింటిలో ఏది మేలు? – ఒక తండ్రి, గుంటూరు

జవాబు: మీ టెన్షన్ ఉద్యోగం గురించి కాదు, నలుగురితో పాటు నడవకపోతే అమ్మాయి వెనకబడుతుందని. ఇలాంటి ఉత్తరాలు నాకు వారానికి రెండైనా వస్తాయి.

ముందు ఆ ప్రాజెక్టు సంగతి. 20,000 కిలోమీటర్ల పైనుంచి వచ్చే జీపీఎస్ సిగ్నల్ నేలకు చేరేసరికి రిసీవర్ సొంత నాయిస్ (లోపలి ఎలక్ట్రానిక్ హోరు) కన్నా బలహీనంగా ఉంటుంది. దగ్గర్లోని టవర్ వేరే ఫ్రీక్వెన్సీలో ఉన్నా సరే, దాని జోరుకు రిసీవర్‌లో సిగ్నల్‌ను పెంచే మొదటి యాంప్లిఫయర్ ఉక్కిరిబిక్కిరవుతుంది. జాతర మైకు పక్కన నిలబడి ఫోన్లో అమ్మమ్మ మాట వినడం లాంటిది. ముందు ఫిల్టర్ పెడితే హోరు తగ్గుతుంది, కానీ అసలే బక్కచిక్కిన సిగ్నల్ అందులోనూ కాస్త పోతుంది. ఎంత ఆపాలి, ఎంత పోగొట్టుకోవచ్చు? చిక్కంతా అక్కడే.

ఇది కాలేజీ ల్యాబ్ ఆట కాదు. అమెరికాలో లైట్‌స్క్వేర్డ్ అనే కంపెనీ, జీపీఎస్ వాడే 1575.42 మెగాహెర్ట్జ్‌కు కాస్త కిందున్న బ్యాండులో 4జీ నెట్‌వర్క్ పెట్టబోయింది. పరీక్షల్లో రిసీవర్లు తడబడ్డాయి. 2012 ఫిబ్రవరిలో అక్కడి టెలికాం నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ అడ్డం చెప్పింది, మే నెలలో కంపెనీ దివాలా పిటిషన్ వేసింది.

ఇక డేటా సైన్స్. చెడ్డదని అనను. కానీ ఆరు నెలల సర్టిఫికెట్‌తో వచ్చే రెజ్యూమెలన్నీ ఒకేలా ఉంటున్నాయి, అదే నా అనుమానం. లెక్కలు గట్టిగా వచ్చి, ఇష్టంతో వెళ్లేవాళ్లు నిలబడతారు. నాన్న ఫీజు కట్టాడని కూర్చునేవాళ్ల సంగతి మీకే తెలియాలి. కోపం తెచ్చుకోకండి, డబ్బు కట్టేముందు అమ్మాయిని ఒక్క మాట అడగాల్సింది.

ఆర్ఎఫ్‌లో, అంటే ఇలాంటి రేడియో సిగ్నళ్ల పనిలో, క్యాంపస్ ఆఫర్లు తక్కువే, దాచను. కానీ చేతిపని వచ్చినవాళ్లు తక్కువ కాబట్టి వాళ్లను వెతుక్కుంటారు. హైదరాబాద్‌లో రక్షణ రంగ ఎలక్ట్రానిక్స్ పరిశోధనశాల డీఎల్ఆర్ఎల్ ఉంది, ఉస్మానియాలో నావిగేషన్ ఎలక్ట్రానిక్స్ కోసమే నెర్టు అనే విభాగం ఉంది, చిప్ కంపెనీలున్నాయి. గేట్ రాసి ఆర్ఎఫ్‌లో ఎంటెక్ చేస్తే దారి ఇంకా వెడల్పవుతుంది. కోడింగ్ ఎలాగూ వదలదు, కొలతలను పైథాన్ లాంటి వాటిలోనే విశ్లేషించాలి. అమ్మాయి దారి తప్పలేదు, నిశ్చింతగా ఉండండి.

ఈ ఆదివారం ఆ ప్రాజెక్టు రిసీవర్ బోర్డు చూపించమనండి. యాంటెన్నా పక్కన మీ ఫోన్ పెట్టి ఎవరికైనా కాల్ చేయండి. స్క్రీన్ మీద ఉపగ్రహాల సిగ్నల్ బలం చూపే గీతలు కుంగుతాయేమో చూడండి. కుంగకపోతే, ఆ ఫిల్టర్ ఎలా పెట్టావమ్మా అని అడగండి.