పాత రేటు చూపిస్తోందని ఉద్యోగం మానేస్తావా?

గాజువాక నుంచి ఒక అమ్మాయి రాసింది: "సార్, బీటెక్ అయ్యాక మధురవాడలో చిన్న కంపెనీలో జావా ట్రైనీగా చేరి మూడు నెలలైంది. డేటాబేస్‌లో రేటు మారినా మా ప్రోగ్రాం పాత రేటే చూపిస్తోంది. రాత్రి దానంతటదే నడిచే జాబ్‌లో 'నో సెషన్' అని ఎర్రర్. వారం నుంచి ఇదే గొడవ, సీనియర్ విసుక్కుంటున్నారు. నాకు కోడింగ్ రాదేమో, ద్వారకానగర్‌లో టెస్టింగ్ కోర్సులో చేరిపోనా?"

వద్దమ్మా. టెస్టింగ్ తక్కువ పనేం కాదు, కానీ భయపడి వెళ్తే అక్కడా ఇదే బగ్ ఎదురొస్తుంది. నువ్వు చెప్పిన రెండూ హైబర్నేట్ (జావా ఆబ్జెక్టులకీ డేటాబేస్ టేబుళ్లకీ మధ్య పనిచేసే లైబ్రరీ) పట్టుకున్న ప్రతివాళ్లూ తిన్న దెబ్బలే.

సెషన్ అంటే హైబర్నేట్ డేటాబేస్‌తో జరిపే ఒక విడత పని. అది తెరిచి ఉన్నంతసేపు తాను తెచ్చిన ఆబ్జెక్టులన్నీ దగ్గర పెట్టుకుంటుంది, అదే ఐడీ మళ్లీ అడిగితే డేటాబేస్ దాకా పోకుండా ఉన్నదే ఇస్తుంది. ఇది అందరూ చదివేదే. అసలు చిక్కు క్వెరీ రాసినప్పుడు వస్తుంది: సెలెక్ట్ (డేటాబేస్ నుంచి చదివే ఆదేశం) నిజంగానే వెళ్తుంది, కొత్త రేటు వస్తుంది కూడా, అయినా ఆ ఐడీ ఆబ్జెక్టు అప్పటికే సెషన్‌లో ఉంటే వచ్చిన విలువని వదిలేసి పాతదే నీ చేతిలో పెడుతుంది. లాగ్‌లో సెలెక్ట్ కనపడుతోంది కదా అని మనం డేటాబేస్‌ని తిట్టుకుంటూ కూర్చుంటాం.

ఈ ఆదివారం ఇంట్లో పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ పెట్టుకుని ఇరవై లైన్ల ప్రోగ్రాం రాయి. ఎస్‌క్యూఎల్ లాగింగ్ ఆన్ చేసి ఒక వస్తువుని లోడ్ చెయ్యి, అక్కడ బ్రేక్‌పాయింట్ పెట్టి ఆపి ఇంకో విండోలో దాని రేటు 40 నుంచి 45కి మార్చి కమిట్ కొట్టు. మళ్లీ గెట్ చేస్తే లాగ్‌లో ఏమీ రాదు, 40 అంటుంది. క్వెరీ చేస్తే సెలెక్ట్ వస్తుంది, అప్పుడూ 40. రీఫ్రెష్ చేస్తే, అంటే ఆబ్జెక్టుని డేటాబేస్ నుంచి మళ్లీ నింపిస్తే, 45. ఇదే మైఎస్‌క్యూఎల్‌లో ఒకే ట్రాన్సాక్షన్ లోపల చేస్తే రీఫ్రెష్ తర్వాత కూడా 40 అనొచ్చు, ఎందుకంటే దాని డిఫాల్ట్ ఐసొలేషన్ రిపీటబుల్ రీడ్, అంటే ఒక ట్రాన్సాక్షన్‌లో మొదట చదివినదే చివరిదాకా చూపిస్తుంది. అది హైబర్నేట్ తప్పు కాదు.

'నో సెషన్' దీనికి తిరగబడిన కథ. సెషన్ మూసేశాక లేజీ లిస్టుని (ముట్టుకున్నప్పుడే డేటాబేస్ నుంచి వచ్చేదాన్ని) ముట్టుకున్నారు. స్ప్రింగ్ బూట్ (జావా వెబ్ యాప్‌లకి వాడే ఫ్రేమ్‌వర్క్) మామూలుగా వెబ్ రిక్వెస్ట్ అయ్యేదాకా సెషన్ తెరిచే ఉంచుతుంది కాబట్టి స్క్రీన్ మీద నడిచిన కోడే రాత్రి జాబ్‌లో బోర్లా పడుతుంది. కొందరు అన్నిటికీ ఈగర్ (అన్నీ ముందే తెచ్చేసే పద్ధతి) పెట్టేసి చేతులు దులుపుకుంటారు, ఎర్రర్‌తో పాటు స్పీడూ పోతుంది. కావాల్సిన లిస్టుని సెషన్ బతికుండగానే జాయిన్ ఫెచ్‌తో, అంటే ఒకే క్వెరీలో కలిపి, తెచ్చుకో.

నేనూ ఒకప్పుడు సెకండ్ లెవెల్ క్యాష్ (సెషన్లన్నీ పంచుకునే నిల్వ) ఆన్ చేసి పొంగిపోయాను. ఇంకో టీమ్ స్క్రిప్ట్ నేరుగా టేబుల్‌ని అప్‌డేట్ చేస్తోందని, ఆ మార్పు క్యాష్‌కి తెలిసే దారే లేదని నాకు తట్టలేదు. రెండు వారాల పాటు రోజూ పొద్దున్నే సర్వర్ రీస్టార్ట్ చేసి సమస్య తీరిందనుకునేవాణ్ణి (అవును, జీతం తీసుకుంటూనే).

సోమవారం సీనియర్ దగ్గరికి వెళ్లి "పనిచేయట్లేదు సార్" అనకు. ఆ ఆబ్జెక్టు ఏ సెషన్‌లో లోడైంది, అది ఎక్కడ మూతపడింది, ఏ సెలెక్ట్ ఎన్ని గంటలకి వెళ్లింది, ఈ మూడూ రాసుకుని వెళ్లు. కోర్సు ఫీజు మాత్రం ఇప్పుడే కట్టకు.