ఒక ఏడు వరద, మరో ఏడు ఎండ

ప్రశ్న: 2022 జులైలో మా లంకలో అరటితోట మునిగింది. మరుసటి ఆగస్టులో అదే తోటకు ఇంజను పెట్టి నీళ్లు తోడాం. సముద్రం పక్కనే ఉన్నా ఇంత తేడా ఎందుకు?
– ఒక రైతు, పి.గన్నవరం

జవాబు: పక్కనున్న బంగాళాఖాతాన్ని కాదు, ముందు దూరపు పసిఫిక్‌ను అడగాలి. 2022లో అక్కడ లానినా, అంటే నడిమి పసిఫిక్ చల్లబడడం. అలా చల్లబడితే మన నైరుతికి సాధారణంగా బలం. ధవళేశ్వరం దగ్గర గోదావరి ప్రవాహం 25 లక్షల క్యూసెక్కులు దాటింది. మీ తోటను ముంచింది మీ ఊరి వాన కాదు, ఎగువన కురిసిన వాన. 2023లో ఎల్‌నినో, అంటే అదే నడిమి పసిఫిక్ వేడెక్కడం; అప్పుడు మన నైరుతి సాధారణంగా బలహీనం. దేశంలో 1901 నుంచి అంత పొడి ఆగస్టు లేదు. అలాగని ఎల్‌నినో అంటే ప్రతిసారీ కరవు కాదు. 1997లో బలంగా వచ్చినా, హిందూ మహాసముద్రపు పడమటి భాగం వేడెక్కి మన వానలను ఆదుకుంది. తుఫానుల సంగతి వేరు. 1996 నవంబరు 6 రాత్రి మా పెరట్లో 14 కొబ్బరిచెట్లు ఉండేవి, తెల్లవారేసరికి మూడు. ఇంజను మాత్రం అమ్మకండి.