వరుస సంఖ్యలను విడుదల చేసే బాధ్యత ఎవరిది?

ప్రశ్న: లినక్స్ కెర్నెల్ డ్రైవర్‌కు 16 పరికర సంఖ్యలు (కెర్నెల్ పరికరాలను గుర్తించే సంఖ్యలు) వరుసగా కావాలి. రస్ట్‌లో దీనికి రాసే ఫంక్షన్ మొదటి సంఖ్యను తిరిగి ఇస్తే సరిపోదా?

జవాబు: సరిపోదు. ఈ సంఖ్యలను కేటాయించే, కెర్నెల్‌లో సి భాషలో ఉన్న ఫంక్షన్ ఇచ్చేది, 12 బిట్ల మేజర్ (డ్రైవర్‌ను సూచించే భాగం), 20 బిట్ల మైనర్ (ఒక్కో పరికరాన్ని సూచించే భాగం) కలిసిన ఆ మొదటి సంఖ్యను మాత్రమే; విడుదల చేసేటప్పుడు దానితో పాటు ఎన్ని సంఖ్యలు తీసుకున్నామో కూడా డ్రైవరే గుర్తుంచుకుని చెప్పాలి. 16 తీసుకుని 8 అని చెబితే కెర్నెల్ తన పట్టికలో సరిగ్గా సరిపోలే నమోదును కనుగొనలేక, దేనినీ విడుదల చేయకుండా, లోపాన్నీ తెలపకుండా ఊరుకుంటుంది. ఈ మౌనమే అసలు ప్రమాదమని నా అభిప్రాయం.

కాబట్టి ప్రారంభ సంఖ్యనూ పరిమాణాన్నీ ప్రైవేటు ఫీల్డులుగా దాచుకుని, కాపీకి గానీ క్లోన్‌కు గానీ వీలివ్వని ఒక స్ట్రక్ట్‌ను తిరిగి ఇవ్వండి. విడుదల దాని డ్రాప్‌లోనే, అంటే ఆ విలువ ఆయుష్షు ముగిసినప్పుడు రస్ట్ తానే పిలిచే ఫంక్షన్‌లోనే, జరగాలి. లోపలి సంఖ్యను అడిగే పద్ధతి ఆప్షన్‌ను (విలువ ఉండవచ్చు, లేకపోవచ్చు అని చెప్పే రకం) ఇవ్వాలి, అప్పుడు సూచికలు 0 నుంచి 15 వరకే గనుక సూచిక 16ను అడిగినవారికి పొరుగు డ్రైవర్ సంఖ్య కాక ‘విలువ లేదు’ అనే None వస్తుంది. సున్నా పరిమాణాన్ని మొదట్లోనే తిరస్కరించండి.

చాలామంది మరచేది క్రమం. రస్ట్ ఫీల్డులను ప్రకటించిన వరుసలోనే డ్రాప్ చేస్తుంది గనుక, ఈ సంఖ్యలను వాడుకునే క్యారెక్టర్ పరికరాన్ని (డేటాను బైట్ల ప్రవాహంగా అందించే పరికరం) ముందు, సంఖ్యల శ్రేణిని తరువాత ప్రకటించండి; అప్పుడు పరికరం తొలగాకే దాని సంఖ్యలు విడుదలవుతాయి.