నలుపు తెలుపు ఫోటోకి చేత్తో రంగులు వేయాలంటే ఏ కాగితం, ఏ రంగులు, ఏ వరసలో?

ప్రశ్న క్లుప్తంగా ఇదీ: 1960ల నాటి అమ్మమ్మ, తాతయ్యల ఫోటో. స్కాన్ చేయించి, ల్యాబ్‌లో 8×12 గ్లాసీ ప్రింటు తీయించారు. పాత స్టూడియోల్లోలా చేత్తో రంగులు వేద్దామని ట్యూబు వాటర్ కలర్ పెడితే నీళ్లు ముత్యాల్లా విడిపోయాయి, ఆరాక చుట్టూ గీత కట్టింది. ఏం వాడాలి, ఎలా వేయాలి?

తప్పు మీ చేతిది కాదు, కాగితానిది. ల్యాబ్ ప్రింటు ప్లాస్టిక్ పూత ఉన్న కాగితం, దానిమీద బొమ్మను పట్టి ఉంచే, గట్టిపరిచిన జెలటిన్ పొర. గ్లాసీలో ఆ పొర అద్దంలా ఉంటుంది, నీళ్లు పట్టుకోడానికి గరుకే ఉండదు. పైగా ట్యూబు వాటర్ కలర్ అంటే గమ్ అరబిక్‌లో (తుమ్మ జాతి జిగురులో) కలిపిన రంగు పొడి. ఆ రేణువులు జెలటిన్‌లోకి దిగవు, పైనే కూర్చుంటాయి. బొట్టు ఆరేటప్పుడు రేణువులన్నీ అంచుకు కొట్టుకుపోతాయి, మీకు కనిపించిన గీత అదే. 1860ల నుంచి జపాన్‌లోని యొకొహామా స్టూడియోలు వాటర్ కలర్‌తోనే అంత బాగా వేశాయి కదా అనొచ్చు. నిజమే, కానీ వాళ్లు వేసింది గుడ్డు తెల్లసొన పూసిన పలుచటి కాగితం మీద.

ఇంకోటి ముందే తేల్చుకోవాలి. పాతకాలం రంగు ఫోటోలంటే మన దేశంలో రెండు వేర్వేరు పనులు. ఒకటి, దట్టమైన రంగులతో కింద ఫోటో ఉందో లేదో తెలియనంతగా కప్పేయడం. రాజస్థాన్‌లోని నాథ్‌ద్వారాలో శ్రీనాథ్‌జీ ముందు భక్తులు నిలబడినట్టు చేసిన బొమ్మల్లో ముఖాలు ఫోటోవి, మిగతాదంతా కుంచెది. అది చిత్రకారుడి పని. రెండోది పారదర్శక రంగు: ముడతలూ నీడలూ ఫోటోవే, రంగు వాటిమీద పలచటి తెర మాత్రమే. మీకు కావాల్సింది ఇదే అనుకుని చెబుతున్నాను. అసలు ఫోటో జోలికి మాత్రం వెళ్లకండి. వేసేదంతా కాపీ మీదే, అదీ రెండు మూడు కాపీలు తీయించుకుని.

ముందు కాగితం. పాత నెగెటివ్ ఉండి, డార్క్ రూమ్ అందుబాటులో ఉంటే ఫైబర్ బేస్ (ప్లాస్టిక్ పూత లేని) మ్యాట్ కాగితాన్ని మించింది లేదు. ఇల్ఫోర్డ్ మల్టీగ్రేడ్ ఎఫ్‌బీ క్లాసిక్‌లో మ్యాట్ రకం, ఫోమాబ్రోమ్ వేరియంట్ 112 ఈ పనికి సరిపోతాయి. హార్డెనర్ (జెలటిన్‌ను గట్టిపరిచే మందు) కలపని హైపో (బొమ్మను స్థిరపరిచే ద్రావణం) వాడండి, గంట సేపు కడగండి. డార్క్ రూమ్ లేకపోతే ల్యాబ్‌లోనే మ్యాట్ ప్రింటు అడగండి. సిల్క్ ఫినిష్ వద్దు. దాని గుంటల్లో రంగు చేరి ముఖమంతా జల్లెడ పెట్టినట్టు కనిపిస్తుంది. ఇంక్‌జెట్ అయితే పిగ్మెంట్ (రంగు రేణువుల) ఇంకు, కాటన్ మ్యాట్ కాగితం ఉండాలి. డై (నీళ్లలో కరిగే రంగు) ఇంకు తడి తగిలితే కారిపోతుంది. ఇంక్‌జెట్ కాగితం పైపూత, మనం వాడబోయే ఆయిల్ రంగులోని నూనెను తాగేస్తుంది కాబట్టి దూది మొదట ఆనించిన చోటే ముదురు మచ్చ పడుతుంది, ఇక అది తుడిచినా పోదు. అందుకే రంగుకు ముందు మ్యాట్ ఫిక్సటివ్ స్ప్రే రెండు పలచటి పూతలు కొట్టాలి: అడుగు దూరం నుంచి, మధ్యలో 20 నిమిషాలు ఆరనిచ్చి.

ప్రింటు ఎంత ముదురుగా ఉండాలన్నది చాలామంది పట్టించుకోరు, సగం ఫోటోలు ఇక్కడే పాడవుతాయి. పారదర్శక రంగు నలుపు మీద కనిపించదు, ఎన్నిసార్లు పూసినా. తెల్ల కాగితం మీదేమో ఏ నీడా లేకుండా స్కెచ్ పెన్ను రుద్దినట్టు కొట్టొచ్చినట్టుంటుంది. అందుకని మామూలు ప్రింటు కంటే కాస్త లేతగా, కాంట్రాస్ట్ తక్కువగా తీయించాలి. స్కాన్ ఫైలును ఫోటో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో పెట్టి, లెవెల్స్ తెరిచి ఔట్‌పుట్ నలుపును 0 నుంచి 35 దాకా, తెలుపును 255 నుంచి 240 దాకా తెస్తే సరిపోతుంది. అక్కడే కొంచెం గోధుమ ఛాయ కూడా ఇవ్వండి. బూడిద రంగు మీద చర్మం రంగు వేస్తే జబ్బు మనిషిలా కనిపిస్తుంది, గోధుమ మీద వేస్తే సగం పని అయిపోయినట్టే.

డార్క్ రూమ్‌లో ఆ గోధుమ ఛాయ సెపియా టోనింగ్‌తో వస్తుంది. లీటరు నీళ్లలో పొటాషియం ఫెర్రిసయనైడ్ 10 గ్రాములు, పొటాషియం బ్రోమైడ్ 10 గ్రాములు కలిపి, అందులో ప్రింటును బొమ్మ లేత పసుపు గోధుమగా వెలిసేదాకా ఉంచాలి. పసుపు మరక పోయేదాకా కడిగి, లీటరుకు 10 గ్రాముల సోడియం సల్ఫైడ్ ద్రావణంలో వేస్తే నిమిషంలో బొమ్మ గోధుమ రంగులో తిరిగొస్తుంది. మళ్లీ గంట కడగాలి. బ్లీచింగ్‌లో లేత భాగాలు ఇంకొంచెం లేతబడతాయి కాబట్టి టోన్ చేయబోయే ప్రింటును ముందే లేతగా తీయకండి, మామూలుగానే తీయండి. సల్ఫైడ్ కుళ్లిన గుడ్డు కంపు కొడుతుంది, ఆ ఆవిరికి పక్కనున్న బ్రోమైడ్ పేపర్ కూడా పొగబారుతుంది. డాబా మీద చేసుకోండి. యాసిడ్ చుక్క కూడా తగలనివ్వొద్దు, తగిలితే విషవాయువు వస్తుంది.

ఇక రంగులు. కొత్తవాళ్లకు ఆయిల్ మంచిది, తప్పు చేస్తే తుడిచేయొచ్చు. ఫోటోల కోసమే చేసిన మార్షల్స్ ఆయిల్స్ దొరికితే సరే, లేకపోతే ఆర్టిస్టు ఆయిల్ ట్యూబులే చాలు. ట్యూబు మీద చిన్న చదరం గుర్తు చూడండి: ఖాళీ చదరం అంటే పారదర్శకం, నిండు చదరం అంటే కప్పేసే రంగు. ఆరు ట్యూబులతో పని జరుగుతుంది: బర్న్‌ట్ సియెన్నా, రా సియెన్నా, క్వినాక్రిడోన్ రోజ్ (ట్యూబు మీద రంగు కోడ్ పీవీ 19), అల్ట్రామెరీన్ (పీబీ 29), విరిడియన్ (పీజీ 18), ఇండియన్ ఎల్లో. ఎల్లో ఆకర్, క్యాడ్మియం రంగులు, టైటానియం వైట్ వద్దు, ఫోటో మీద సున్నం కొట్టినట్టవుతుంది. అలిజరిన్ క్రిమ్సన్ (పీఆర్ 83) పారదర్శకమే కానీ ఇంత పలచటి పూతలో వెలుతురుకు వెలిసిపోతుంది.

గుర్తు లేని చవక ట్యూబులుంటే విజిటింగ్ కార్డు మీది నల్ల అక్షరాల మీద కొంచెం రుద్ది చూడండి. అక్షరం అంతే నల్లగా ఉంటే రంగు పనికొస్తుంది. మంచు కమ్మినట్టు బూడిదయితే పక్కన పెట్టేయండి. ఈ పరీక్షకు పర్మనెంట్ మార్కర్ గీత వాడొద్దు, టర్పెంటైన్‌కి కరిగి మోసం చేస్తుంది.

రంగు ఎప్పుడూ ట్యూబు నుంచి నేరుగా ప్రింటు మీదకు వెళ్లకూడదు. టిష్యూ పేపరు మీద పిండి అరగంట వదిలితే మిగులు నూనె కాగితం తాగేస్తుంది. లేదంటే ఆ నూనె రంగు చుట్టూ పాకి జిడ్డు మరకవుతుంది. ముఖానికి ఆవగింజంత చాలు, 8×12 బ్యాక్‌గ్రౌండ్ మొత్తానికి శనగగింజంత.

రంగు వేసే ముందు, ఆర్టిస్టుల టర్పెంటైన్ మూడు పాళ్లు, లిన్‌సీడ్ ఆయిల్ ఒక పాలు కలిపి, దూదితో ప్రింటంతా పలచగా రుద్దండి. ఐదు నిమిషాలాగి పొడి దూదితో తుడిచేయాలి. ప్రింటును ఏటవాలుగా దీపానికి పట్టి చూస్తే ఎక్కడా మెరుపు ఉండకూడదు, వేలి వెనకభాగం ఆనిస్తే చల్లగా తగలాలి కానీ జారకూడదు. ఈ పూత వల్ల రంగు గబుక్కున పట్టేయకుండా జరుగుతుంది, సమంగా పరుచుకుంటుంది.

కుంచె దాదాపు అక్కర్లేదు. పెద్ద చోట్లకు దూది ఉండ, చిన్నవాటికి చీపురు పుల్లకో వెదురు పుల్లకో చుట్టిన దూది. చుట్టేటప్పుడు పుల్ల కొన దూదిలోంచి పొడుచుకు రాకుండా చూడండి, జెలటిన్ మీద గీత పడితే రంగంతా అందులోకే చేరుతుంది. బ్యాక్‌గ్రౌండ్ మొదట, తర్వాత ముఖం, చేతులు, ఆపైన బట్టలు, చివర పెదవులు, నగలు, బొట్టు. పెద్దది ముందెందుకంటే దాన్ని తుడిచి సమం చేసేటప్పుడు అంచులు దాటక తప్పదు. దాటిన చోట టర్పెంటైన్ తడిపి పిండేసిన పుల్లతో శుభ్రం చేసుకుని తర్వాతి రంగు వేస్తారు.

ముఖానికి విదేశీ సెట్లలో వచ్చే ఫ్లెష్ ట్యూబు మన చాయకు నప్పదు, గులాబీ మొహాలు వస్తాయి. చామనఛాయకు బర్న్‌ట్ సియెన్నా రెండు పాళ్లు, రా సియెన్నా ఒక పాలు, పుల్ల కొనతో తీసినంత రోజ్. గోధుమ ఛాయకు రా సియెన్నా ఎక్కువ. సెపియా ప్రింటు మీదయితే ఇందులో సగమే. ముఖమంతా, కళ్లూ పెదాలతో సహా పూసేసి, శుభ్రమైన దూదితో చిన్న చిన్న సున్నాలు చుడుతూ తీసేయాలి. వేయడం కంటే తీయడమే అసలు పని. దూది మీదకు ఇక రంగు రావడం లేదు అనిపించేదాకా తుడిచినా, ఛాయ ప్రింటు మీద ఉండే ఉంటుంది. నుదురు, ముక్కు దూలం, పై బుగ్గల వెలుగు చోట్లు ఇంకో రెండుసార్లు తుడవండి. కంటి తెల్లగుడ్డును టర్పెంటైన్ తడి పుల్లతో శుభ్రం చేయండి, పూర్తి తెల్లగా మాత్రం వద్దు. కంటిలో మెరిసే చుక్క మీది రంగును తప్పకుండా తుడిచి తెరవాలి, అది మూసుకుంటే చూపు పోతుంది. జుట్టుకు నలుపు వేయకండి. నెరిసిన జుట్టయితే వదిలేయండి, నల్లజుట్టయితే వెలుగు పడ్డచోట పలచగా బర్న్‌ట్ సియెన్నా చాలు.

బొట్టు దగ్గర చాలామంది తికమక పడతారు. పాత ఫోటో ఆర్థోక్రోమాటిక్ ఫిల్ము మీద తీసిందయితే ఆ ఫిల్ముకు ఎరుపు కనపడదు, కుంకుమ బొట్టు నల్లచుక్కగా వస్తుంది. ఎర్ర పట్టుచీర కూడా నల్లగానే. ఆ నలుపు మీద పారదర్శక ఎరుపు వేస్తే మహా అయితే ఎండిన నెత్తురు రంగు వస్తుంది. చీర, పెదవులు, బొట్టు ఉన్నచోట్లను ఫైల్లోనే లేతగా చేసి ప్రింటు తీయించుకోవాలి. బొట్టుకు మాత్రం నియమం తప్పొచ్చు: అంతా ఆరాక నాణ్యమైన సన్న కుంచెతో క్యాడ్మియం రెడ్ ఒక్క చుక్క. ఈ మొత్తం పనిలో కప్పేసే రంగు అవసరమయ్యేది ఇక్కడొక్కటే.

జరీకి గోల్డ్ పెయింటు పెట్టకండి, ఫ్రేములో ఒక కోణంలో మెరిసి ఇంకో కోణంలో మట్టిలా ఉంటుంది. రా సియెన్నా, ఇండియన్ ఎల్లో సమంగా కలిపి వేసి, మెరిసే పోగుల మీద పొడి పుల్లతో తీసేయండి. నగలకూ ఇదే. తెల్ల పంచె, లాల్చీలకు రంగు అక్కర్లేదు, మడతల నీడల్లో మాత్రం ఉందా లేదా అన్నంత అల్ట్రామెరీన్.

ఆయిల్ ఆవిరై ఆరదు, గాలితో కలిసి గట్టిపడుతుంది. పలచటి పూత మూడు నాలుగు రోజుల్లో చేతికి అంటకుండా ఉంటుంది, వానాకాలంలో, ముఖ్యంగా కోస్తాలో, వారం దాటుతుంది. ఫ్యాన్ కింద పెడితే దుమ్ము అంటుకుంటుంది, ఏదైనా పెట్టెలో మూత వారగా పెట్టి ఉంచండి. రెండు వారాలకు ముందు అద్దం వేయొద్దు. వేసేటప్పుడు మౌంటు అట్ట ఉండాలి, అద్దం నేరుగా ఆనితే ఉక్కపోతకు జెలటిన్ అతుక్కుని బూజు పడుతుంది. నూనె తడిసిన దూదిని ఉండ చుట్టి చెత్తబుట్టలో వేయకండి, లిన్‌సీడ్ ఆయిల్ తనంతట తానే వేడెక్కి అంటుకోగలదు. నీళ్లున్న డబ్బాలో ముంచి, తర్వాత పారేయండి.

నీటి రంగే కావాలంటే రేణువుల రంగు కాదు, డై కావాలి: ఫోటో కలర్స్ పేరుతో చిన్న సీసాల్లో దొరికే ద్రవాలు, లేదా పీర్‌లెస్ వాళ్ల రంగు పట్టించిన కాగితాలు. ప్రింటును ఐదు నిమిషాలు నీళ్లలో నానబెట్టి, పైతడి బ్లాటింగ్ పేపరుతో అద్ది, 10 మిల్లీలీటర్లకు ఒక చుక్క చొప్పున పలచన చేసి ఐదారు పూతల్లో పెంచుకుంటూ పోవాలి. డై జెలటిన్‌లోకి దిగిపోతుంది. వెంటనే పారే నీళ్లలో పెడితే కొంత తగ్గుతుంది, మిగిలింది అంతే. ఫోటో మీద ఎండ పడితే వెలుస్తుంది కూడా. ఫైబర్ కాగితం మీద ఇది చాలా అందంగా వస్తుంది, ఇంక్‌జెట్ ప్రింటు మీద మాత్రం ప్రయత్నించకండి.

మీ గ్లాసీ ప్రింటు పారేయకండి. తడి దూదితో వాటర్ కలర్ మొత్తం తుడిచేసి ఆరాక, మ్యాట్ స్ప్రే రెండు పూతలు కొడితే ఆయిల్ కొంత పట్టుకుంటుంది. ముఖం తుడవడం, కళ్లు తెరవడం దానిమీద పదిసార్లు చేసి చూసుకుని, మ్యాట్ కాపీ అప్పుడు మొదలుపెట్టండి.